హనుమక్క కణాలు

చిక్కబళ్ళాపురం బస్టాండు ఎదుటి హోటల్లో పురుషోత్తమ్ ఇడ్లీ తుంచి చట్నీలో అద్దే లోపల, ఎదురు కుర్చీలో కూర్చున్న మనిషి చచ్చిపోయాడు.

చప్పుడు లేదు. రక్తం లేదు. కాఫీ లోటా చేతిలోంచి జారి బల్ల మీద దొర్లింది, అంతే. పోయినవాడి పేరు వెంకటప్ప. డిపార్టుమెంటులో పురుషోత్తమ్‌కు పని నేర్పినవాడు. నిమిషం కిందటే ఇద్దరూ కోడ్ మాటలు కలుపుకున్నారు.

"ఈ యేడు ద్రాక్షకి బూజు పట్టిందా అప్పా?"

"పట్టింది. పందిరి దాటలేదు."

వెంకటప్ప బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి, "దాటిస్తాండారు. లోపలి మనిషే..." అన్నాడు. సరిగ్గా అప్పుడే పెళ్ళివాళ్ళ గుంపొకటి పట్టుచీరల గరగరలతో వాళ్ళ బల్లను రాసుకుంటూ పోయింది. ఆ తర్వాత వెంకటప్ప మాట్లాడలేదు. మెడ వెనక, చొక్కా కాలరు పైన, చీమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉంది.

గూఢచారికి నలుగురిలో ఏడ్చే హక్కు లేదు. పురుషోత్తమ్ స్నేహితుడి కళ్ళు మూసి, కునుకు తీస్తున్నవాడిలా తలను గోడకు ఆనించి, బయటికి నడిచాడు.

నంది కొండ దారిలో ఎప్పుడో మూతబడిన ద్రాక్ష కోల్డ్ స్టోరేజీ ఒకటుంది. బయట తుప్పు పట్టిన షట్టరు. లోపల ఏసీ, గాజు తలుపులు, తెల్ల కోట్లు. డైరెక్టర్ అమరేష్ అక్కడే ఎదురు చూస్తున్నాడు. ఎంత ఘోరం విన్నా ముందు కళ్ళద్దాలు తుడుచుకునే మనిషి ఆయన. వెంకటప్ప సంగతి విని రెండుసార్లు తుడుచుకున్నాడు.

"గ్రెగర్," అన్నాడు చివరికి. "యూరప్ మనిషి. ఎవరి ల్యాబులో ఏది దొరికినా దొంగిలించి మందుల కంపెనీలకు అమ్మే ముఠా వాడిది. కోడ్ నేమ్ ఆర్కిడ్. వెంకటప్పను చంపింది వాళ్ళే."

"నా పని?"

"టిఫిన్ క్యారియర్ మోయడం."

పురుషోత్తమ్ నవ్వబోయి ఆగాడు. డాక్టర్ హేమావతి నిజంగానే ఒక స్టీలు క్యారియర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. చింతామణి ఆడపడుచు, ఈ ల్యాబుకు ప్రాణం ఆమే. పై గిన్నెలో బ్యాటరీ పంపు. కింది గిన్నెలో ఒంటి వేడితో సమానంగా వెచ్చదనం. నడిమి గిన్నెలో అగ్గిపెట్టెంత గాజు పలక, దాని మీద వెంట్రుక మందాన ఒక కాలువ. పక్కన చిన్న నాబ్.

"ఈ కాలువలో రొమ్ము క్యాన్సర్ కణాలు ఉండాయి," అంది హేమావతి. "గడ్డ రొమ్ములో ఉన్నన్నాళ్ళూ మేము దాన్ని ఎట్లో ఒకట్ల తీసేస్తాం. మనిషిని చంపేది దాని ప్రయాణమే. ఒంట్లో రక్తం ఒకటే కాదు, కణాల సందుల్లో ద్రవం కూడా పారతానే ఉంటాది. గడ్డలో ఆ తోపుడు ఇంకా ఎక్కువ. కణానికి అది తెలుస్తాది. తెలిసి కదులుతాది. కొన్ని పారుదల వెంబడే పోతాయి. కొన్ని ఇరుకైనప్పుడు, తోపుడు పెరిగినప్పుడు, ఎదురు తిరుగుతాయి. ఎప్పుడు ఎటు పోతాయో పట్టుకోవాలనే మా తంటాలన్నీ."

"ఇవి ఎటు పోతాయి?"

"ఎటూ పోవు. అదే వీటి గొప్ప. బట్లహళ్ళి హనుమక్క కణాలు ఇవి. టమోటా పండిస్తాది. గడ్డను ఏండ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా మోసింది. అయినా అది పక్క చోటికి పాకలేదు. నేను ద్రవం వేగం పెంచేకొద్దీ ఇవి మొహం తిప్పుకోని, ఎదురుగా జరిగి, గోడను కరిచి పట్టుకుంటాండాయి. ఆ పట్టు ఎట్ల వస్తాదో తెలిస్తే ఇంకొకరి కణాలను కూడా ఉన్నచోటే కట్టేయచ్చు."

"గ్రెగర్‌కు ఇదంతా తెలుసా?"

"పాకని గడ్డ అని మాత్రం తెలుసు. ఎదురు తిరిగే సంగతి నేను ఇంకా యాడా రాయలేదు. మీ ఇద్దరికే చెప్తాండా."

ఫ్రీజరులో దాచిన కణాలు ఇంకొన్ని ఉండేవి. మొన్న ఎవరో ప్లగ్ పీకేశారు. హనుమక్క గడ్డను ఎప్పుడో తీసేశారు, ఆమె నిక్షేపంగా పొలం పనులు చేసుకుంటోంది. కాబట్టి లోకం మొత్తం మీద మిగిలినవి ఆ క్యారియర్లో ఉన్నవే. అవి క్షేమంగా బెంగుళూరు చేరాలి.

"నాబ్ ముట్టుకోవద్దు," అంది హేమావతి. "పూర్తిగా తిప్పితే ఏ కణాలైనా కొట్టుకోని పోతాయి."

"ఇవి కూడా?"

ఆమె నాబ్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "అంత వేగం పెట్టి చూడలేదు. నాకు ధైర్యం చాల్లేదు."

పురుషోత్తమ్ క్యారియర్ పిడి పట్టుకున్నాడు. అతని తల్లి లక్ష్మీదేవమ్మది కూడా బట్లహళ్ళే. ఆమె గడ్డ రొమ్ములో ఆగలేదు, ఎముకల్లోకి పాకింది. ఆఖరి రోజుల్లో దుప్పటి తగిలినా కేక పెట్టేది. ఈ ఉద్యోగంలో అతను దేశం కోసం చాలా మోశాడు కానీ, ఇంత భయంగా, ఇంత ప్రేమగా దేన్నీ మోయలేదు.

కారు దగ్గర మంజుశ్రీ నిలబడి ఉంది. ల్యాబు సెక్యూరిటీ ఆఫీసరు, డిపార్టుమెంటు మనిషే. నల్ల కళ్ళద్దాలు, లేత నీలం చుడీదారు, ఎత్తుగా చుట్టిన ముడిలో వెండి పిన్ను. ఆమె నవ్వితే సెంట్రీలు సెల్యూట్ మర్చిపోతారని ల్యాబులో చెప్పుకుంటారు. పురుషోత్తమ్ డ్రిప్పు పైపుల కంపెనీ సేల్స్ మేనేజరు వేషంలో ఉన్నాడు. టోపీ, అంటించిన మీసం, జేబు నిండా పాంప్లెట్లు. చేతి గడియారంలో ట్రాన్స్‌మిటరు, పెన్నులో బ్లేడు.

"ఈ మీసంలో మీరు బాగున్నారు," అంది మంజుశ్రీ.

"దురద పెడుతోంది," అన్నాడు పురుషోత్తమ్.

హైవే మీద ముఠా కాపు కాస్తుందని చింతామణి మీదుగా, హోస్కోటె దారిన బెంగుళూరు చేరాలని ప్లాను. చింతామణిలో టమోటా లారీల మధ్య ఇరుక్కున్నప్పుడు ఆమె ఫోన్ మోగింది. విని, మొహం సీరియస్‌గా పెట్టి, స్టీరింగు ఉత్తరానికి తిప్పింది.

"హోస్కోటె దారి కూడా కాశారట. చేలూరు, బాగేపల్లి మీదుగా తిరిగి హైవే ఎక్కుదాం. డైరెక్టర్ ఆర్డరు."

పురుషోత్తమ్ వెంటనే డైరెక్టర్‌కు ఫోన్ చేశాడు. సిగ్నల్ లేదు. లోపలి మనిషి అన్న వెంకటప్ప మాట చెవిలో తిరుగుతూనే ఉంది. పెన్ను మూత వదులు చేసి పెట్టుకున్నాడు. ఎండకు బీడు పడ్డ చేలు, నోరు తెరిచిన వాగులు వెనక్కి పోతున్నాయి. చాకవేలు దాటీ దాటకముందే కారు ఒక మట్టి బాట పట్టి, ఎండిన ద్రాక్ష తోటలో ఆగింది.

"ఇంజను వేడెక్కింది. నీళ్ళు పోయాలి," అంటూ ఆమె ముడి సర్దుకుంది.

పురుషోత్తమ్ పెన్ను తీశాడు. మంజుశ్రీ అంతకంటే ముందే పిన్ను తీసింది. మెడ మీద చీమ కుట్టినట్టయింది. పెళ్ళివాళ్ళ గుంపు, పట్టుచీరలు, ముడిలో మెరిసిన వెండి, అన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. గుర్తొచ్చి ఏం లాభం?

కళ్ళు తెరిస్తే చీకటి. కింద చల్లటి సిమెంటు. చేతులు వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి. పైన చదరంగా వెలుగు, అందులో రెండు తలకాయలు.

"లేచాడే!" అన్నాడు ఒక తెల్లవాడు ఇంగ్లీషులో. గ్రెగర్.

"మందు చాలా మటుకు వెంకటప్పకే అయిపోయింది. ఈయనకు మిగిలింది కాస్తే," అంది మంజుశ్రీ.

"కాల్చేయనా?"

"చప్పుడెందుకు? తోట కాపలా పిళ్ళప్పను కైవారం గుడికి పంపేశాను. వారం దాకా ఇటు ఎవరూ రారు. మూత వేసేయండి."

"మంజుశ్రీ!" అని అరిచాడు పురుషోత్తమ్. "వెంకటప్ప నీ కూతురికి పేరు పెట్టినవాడు!"

ఆమె తల వెలుగులోంచి తప్పుకుంది. తర్వాత రాతి బండ జరిగిన చప్పుడు. వెలుగు గీతలా సన్నబడి ఆరిపోయింది.

అది తోటకు నీళ్ళు నిలవ చేసే సంపు. భూమిలోకి కట్టిన సిమెంటు గది. పురుషోత్తమ్ గోడకు భుజం రాసుకుంటూ చుట్టూ నడిచాడు. నాలుగు పక్కలా నున్నటి గోడలే. అడుగున తోటకు నీళ్ళు పోయే తూము ఉంది, పిల్లి మాత్రమే దూరగలదు. పైన, కప్పుకు కాస్త కింద, నీళ్ళు లోపలికి వచ్చే సిమెంటు పైపు నోరు మసక వెలుతురుగా కనిపిస్తోంది. మనిషి భుజాలు పట్టేంత వెడల్పు. కానీ ఎగిరినా మొహం దాని దరిదాపుల్లోకి పోవడం లేదు. పెన్ను వాళ్ళు లాగేసుకున్నారు. గడియారం ఉంది, కట్టిన చేతులతోనే తడిమి ట్రాన్స్‌మిటరు బటను నొక్కితే వెనక గోడ మీద ఎర్ర వెలుగు పడింది. సిమెంటు కప్పు కింద నుంచి ఆ సిగ్నలు ఎక్కడికి పోతుంది? లక్షలు పోసి చేసిన గడియారం టైము మాత్రం కరెక్టుగా చూపిస్తుంది.

తూము అంచుకు తాడు రాస్తూ కూర్చున్నాడు. గాలి బరువెక్కుతోంది. పైన ఎక్కడో మోటరు షెడ్డులో వాళ్ళ మాటలు లీలగా వినిపిస్తున్నాయి. కదిరి వైపు నుంచి అంబులెన్సు రావాలట. అది వస్తే క్యారియర్ రాష్ట్ర సరిహద్దు దాటుతుంది. హనుమక్క కణాలు దేశం దాటుతాయి. ఇక వాటి ముఖం ఎవరూ చూడరు. పురుషోత్తమ్‌కు చావు కంటే అదే ఎక్కువ బాధగా ఉంది. అమ్మ మంచం పక్కన కూర్చున్నప్పుడు కూడా ఇలాగే, చేతులు కట్టేసినట్టే ఉండేది.

తాడు తెగింది. అదే సమయానికి పైన టక్కుమని ఏదో పడింది. గర్రుమని మోటరు మోత. భూమి సన్నగా వణికింది.

త్రీఫేస్ కరెంటు వచ్చింది! ఆ పల్లెల్లో అది ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో దేవుడికే తెలియాలి. అందుకే ఏ రైతూ స్టార్టరు ఆపేసి పోడు. ఆటోలో పెట్టి పోతాడు. కరెంటు రాగానే మోటరు దానంతటదే మొదలవుతుంది. పిళ్ళప్ప కైవారం పోతూ పోతూ అలవాటుగా అదే చేశాడు. ఊళ్ళు వదిలి గాజు తలుపుల మధ్య బతికే మంజుశ్రీకి ఆ పెట్టె వైపు చూడాలనే తోచలేదు.

పై పైపులోంచి నీళ్ళు దబదబా పడ్డాయి. గ్రెగర్ నవ్వు వినిపించింది. "మంచిదే! నీళ్ళే పని ముగిస్తాయి!"

చీలమండలు, మోకాళ్ళు, నడుము. బోరు నీళ్ళు ఆగవు. పురుషోత్తమ్‌ను నీటి లాగుడు అడుగు తూము వైపు ఈడ్చింది. భయంలో మనిషి కూడా అటే పోతాడు, నీళ్ళు పోయే చోటే దారి ఉంటుందని. మునిగి తూములో కాలు పెట్టాడు. పిక్క దాకా పోయి ఇరుక్కుంది. ఊపిరి అయిపోతోంది. పిచ్చిగా తన్నుకుంటే చర్మం ఊడి కాలు బయటికి వచ్చింది. పైకి లేచి, దగ్గుతూ, గోడను పట్టుకున్నాడు.

ఇరుకైనప్పుడు, తోపుడు పెరిగినప్పుడు, ఎదురు తిరుగుతాయి.

హేమావతి గొంతు పక్కనే అన్నట్టు వినిపించింది. అతను తల ఎత్తి పైపు నోటిని చూశాడు. ఇందాక అందని ఎత్తు అది. ఇప్పుడు నీళ్ళే అతన్ని అక్కడికి ఎత్తుతున్నాయి. చంపడానికి వచ్చిన నీళ్ళు నిచ్చెన వేస్తున్నాయి. అతను తన్నుకోవడం మానేసి తేలాడు. నీళ్ళు గడ్డం దాకా, గడ్డం కప్పు దాకా వచ్చాక రెండు చేతులూ పైపులోకి దూర్చాడు.

నీటి ధార మొహం మీద కొట్టింది. కళ్ళు, ముక్కు, నోరు, ఎక్కడపడితే అక్కడ గుద్దింది. మోచేతులు సిమెంటుకు ఆనించి ఒళ్ళు ముందుకు లాగాడు. జానెడు పోతే బెత్తెడు వెనక్కి తోసింది. పైపు పైభాగాన కొంచెం గాలి ఉంది, దానికి మూతి ఆనించి పీల్చాడు. భుజాలు పట్టేశాయి. ముందుకు కదలదు, వెనక్కి పోతే నీటి గది. ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. ఎవరు చూడొచ్చారు? ఊపిరంతా వదిలేసి ఛాతీని చిన్నది చేసుకుని, అరచేతులతో గోడను కరిచి పట్టి, మళ్ళీ లాగాడు. మీసం ఊడి ఎటో కొట్టుకుపోయింది.

అవతల వెలుగు. రాతి తొట్టిలో అతని తల నీటి పైకి లేచింది.

తొట్టి ఒడ్డునే మోటరు షెడ్డు. తొట్టిలోకి బోరు నీళ్ళు పోసే లావు రబ్బరు గొట్టం అతని భుజం పక్కనే ఎగిరెగిరి పడుతోంది. షెడ్డు గడపలో గ్రెగర్, ఒక చేతిలో పిస్తోలు, ఒక చేతిలో క్యారియర్. వెనక మంజుశ్రీ. వాళ్ళ మొహాల్లో రంగు పోయింది.

"నువ్వు..." అంది మంజుశ్రీ.

గ్రెగర్ తేరుకున్నాడు. పిస్తోలు చంకలో ఇరికించుకుని నాబ్ మీద వేలు పెట్టాడు. "కదిలావంటే ఇది పూర్తిగా తిప్పుతా. ఆ ఆడమనిషి కణాలన్నీ కాలవలో కలిసిపోతాయి. నాకు దక్కనిది నీకూ దక్కదు. చేతులు పైకెత్తు!"

పురుషోత్తమ్ నాబ్ వైపు చూశాడు. అంత వేగం ఎవరూ పెట్టి చూడలేదు. అవి నిలుస్తాయో లేదో కన్న తల్లిలాంటి హేమావతికే తెలియదు. చేతులు ఎత్తితే కణాలు గ్రెగర్ వెంట పోతాయి. ఎత్తకపోతే నీటి వెంట పోవచ్చు. నీళ్ళలో నిలబడి, పైపులో తను పడ్డ పాట్లు తలుచుకున్నాడు. తోపుడు పెరిగేకొద్దీ తన వేళ్ళు ఎంత గట్టిగా కరిచి పట్టాయో తలుచుకున్నాడు.

"తిప్పుకో," అన్నాడు.

గ్రెగర్ నమ్మలేనట్టు చూసి, కసిగా నాబ్ చివరిదాకా తిప్పాడు. క్యారియర్లో పంపు ఈగలా జుమ్మంది. అతని చూపు అటు దిగిన ఆ క్షణంలో పురుషోత్తమ్ రబ్బరు గొట్టాన్ని రెండు చేతులా ఎత్తి షెడ్డు గడపకు గురిపెట్టాడు. బోరు ధార గ్రెగర్ ఛాతీని తన్నింది. తెల్లవాడు వెల్లకిలా పడ్డాడు. పిస్తోలు బురదలోకి, క్యారియర్ గాల్లోకి. పురుషోత్తమ్ తొట్టి దాటి దూకి, నేల ఇంకా మూరెడుందనగా క్యారియర్ను పొట్ట మీద పట్టుకున్నాడు. నాబ్‌ను మళ్ళీ సన్నం చేశాడు. తర్వాత గ్రెగర్‌ను లేవనీయకుండా స్టార్టరు పక్కనున్న డ్రిప్పు పైపుతో కట్టేశాడు. డ్రిప్పు కంపెనీ మేనేజరుగా ఆ రోజు అతను చేసిన ఒకే ఒక్క డెమో అది.

ఈలోగా మంజుశ్రీ కారెక్కి మట్టి బాట వెంట ఉడాయించింది. కానీ వచ్చేటప్పుడు నిర్మానుష్యంగా ఉన్న బాట ఇప్పుడు అలా లేదు. త్రీఫేస్ వస్తే ఆ చేలల్లో ప్రతి మడిలోనూ మనిషి మొలుస్తాడు. గొట్టాలు భుజాన వేసుకుని ఆడా మగా పరుగులు. బాటకు అడ్డంగా పరిచిన పైపు మీదికి కారు ఎక్కింది. పైపు పగిలి నీళ్ళు గాలిలోకి చిమ్మాయి.

"ఓయమ్మా! పైపు మీద కారు ఎక్కిస్తావా! కండ్లు యాడ పెట్టుకోనుండావు?" అంటూ బయ్యప్ప అనే రైతు బానెట్ మీద గుద్దాడు. క్షణంలో ఊరంతా కారును చుట్టుముట్టింది. ఆమె నవ్వింది, బతిమాలింది, పోలీసు కార్డు చూపించింది. "కార్డు నీళ్ళు పారిస్తాదా తల్లీ?" అన్నాడు బయ్యప్ప. కరెంటు పోయేలోపు మడి తడపాల్సిన రైతు ముందు ఏ అందమూ పనిచేయదు. పోలీసులు వచ్చేదాకా వాళ్ళు కారును కదలనివ్వలేదు. ఆ గుంపులోనే కైవారం బస్సెక్కకుండా వెనక్కి వచ్చేసిన పిళ్ళప్ప కూడా ఉన్నాడు.

"కరెంటు వచ్చే దినం ఊరు దాటి పోతారా అప్పా?" అన్నాడు అతను తర్వాత పురుషోత్తమ్‌తో. "సంపులో నువ్వుండావని తెలిస్తే స్టార్టరు ఆపే పోదును. నా తప్పే."

"నువ్వు ఆపకుండా పోయినావు కాబట్టే బతికినా, పిళ్ళప్పా," అన్నాడు పురుషోత్తమ్, తన ఊరి యాస దానంతటదే నోట్లోకి వచ్చేసి.

బాగేపల్లి ఆస్పత్రిలో మలేరియా స్లైడ్లు చూసే పాత మైక్రోస్కోపు ఉంది. పురుషోత్తమ్ కబురు అందగానే హేమావతి చిక్కబళ్ళాపురం నుంచి వచ్చింది. గాజు పలకను దాని కింద పెట్టి, కన్ను ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. పురుషోత్తమ్ పిక్కకు కట్టు కట్టించుకుంటూ ఆమె వీపు వైపే చూస్తున్నాడు.

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది. ఏడుస్తోంది కూడా.

"రాండి, చూడండి."

అతను వంగి చూశాడు. సన్నటి కాలువ. ద్రవం పోయే వైపు దాదాపు ఖాళీ. ద్రవం వచ్చే వైపు, ధార తగిలే మొదట్లోనే, గోడను పట్టుకుని, ఒకదాన్నొకటి ఆనుకుని, కణాలన్నీ గుంపుగా నిలబడి ఉన్నాయి. మెల్లగా, ప్రాణంతో, ఎదురుగా.

అమ్మ ఉంటే చూపించేవాణ్ణి అనుకున్నాడు పురుషోత్తమ్. కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

కణాలను భద్రంగా బెంగుళూరు చేర్చాక, ఇద్దరూ బట్లహళ్ళిలో ఆగి హనుమక్కకు సంగతి చెప్పారు. రహస్యాలు తీసేయగా మిగిలిందే చెప్పారు. ఆమె టమోటాల్లో పుచ్చులు ఏరి పక్కన పడేస్తూ అంతా విన్నది.

"అంత నీళ్ళు కొట్టినా పోలేదా అవి?"

"పోలేదమ్మా," అంది హేమావతి. "లోకంలో ఎవరూ ఇట్లాంటివి చూడలేదు."

హనుమక్క ఒక పుచ్చు టమోటాను గిరాటేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మా అత్త నన్ను గడప అవతలికి ఎన్నిసార్లు తోసిందో మీకేం తెలుసు. పోయినానా? అవీ నావే కదమ్మా!"